ఇంటి ముంగిట: మా వీధిని పిల్లలు కొలిచిన విధము



వానకాలమున ఊరగాయ జాడీలకు బూజు పట్టకుండ కాపాడుకొను విధమును ఈ నెల వ్రాసెదనని క్రిందటి సంచికలో మాట యిచ్చితిని. ఆ మాట నిప్పుడు తప్పుచున్నాను. జాడీలు మరియొక మాసము ఆగగలవు. ఆఱు మాసములుగా మా వీధిలో నడచుచున్న సంగతి యొకటి మొన్ననే కొంత దరికి వచ్చినది. అందులో మా యింటి తప్పు కలదు గనుక, ఆలస్యమైనకొలది దానిని మెత్తబరచి చెప్పు బుద్ధి నాకును పుట్టవచ్చును. అందుచేత నిప్పుడే చెప్పుచున్నాను.

మావారు పాఠశాలలో తొమ్మిదవ తరగతి పిల్లలకు సాంఘికశాస్త్రము బోధింతురు. మొన్నటి మాఘమాసమున వారొక పని తలపెట్టిరి. బడికి నలుప్రక్కల నున్న నాలుగు వీధులను పిల్లలు కాలినడకను తిరిగి, నడచువారికి అవి యెంత యనుకూలముగా నున్నవో, చెట్లు పెట్టుటకు తావులెక్కడ నున్నవో కొలిచి పటము గీయవలెను. గంగా సింధు మైదానములను పటములో గుర్తింపగల పిల్లవానికి తన యింటినుండి బడివరకు నెన్ని చెట్లున్నవో తెలియదని వారి బాధ. నేను నవ్వి, "మీకు తెలియునా?" యని యడిగితిని. వారు పదునొకండు సంవత్సరములుగా నా దారినే పోవుచున్నారు. కొంచెమాలోచించి, ఏడని చెప్పిరి. పిమ్మట పిల్లలు లెక్కింపగా నాలుగే యున్నవి. తక్కిన మూడును ఎప్పుడు పోయినవో మాలో నెవ్వరికిని తెలియదు. మోటారుసైకిలుపై పోవువారికి చెట్టున్నను లేకున్నను ఒక్కటియే కాబోలు.

ఇట్టి పని క్రొత్తది కాదని మావారే చెప్పిరి. స్కాట్లాండు దేశస్థుడగు పాట్రిక్ గెడ్డెస్ అను వృక్షశాస్త్ర పండితుడు 1914వ సంవత్సరమున మన దేశమునకు వచ్చి, మదరాసు రాజధానిలోని ఊళ్ళు మొదలుగా అనేక పట్టణములను తిరిగి చూచెను. రోగి నాడి చూడక మందీయరాదు గదా. ఊరిని నడచి చూడక వీధులు కొట్టివేయుట యెట్లని ఆయన వాదము. ఇండోరు సంస్థానమునకు ఆయన వ్రాసిన నివేదిక 1918వ సంవత్సరమున వెలువడినది. ఆ యూర ప్లేగుబాధ హెచ్చుగా నున్న దినములవి. దీపావళి యూరేగింపు వాడుకగా పోవు దారిని పోదనియు, ఏ వీధివారు ఇండ్లు బాగుచేసికొని చెట్లు నాటుదురో ఆ వీధులగుండ పోవుననియు ఆయన చాటించెనట. ఈ కథ విని నాకెంతో ముచ్చట కలిగినది. దేవుడు తమ వాకిటికి రావలెనన్న కోరికతో చీపురు పట్టని గృహిణి మన దేశమున నుండునా?

పిల్లలు నలుగురేసి చొప్పున జట్లుగా నేర్పడిరి. ఒకరి చేత కొలత టేపు, ఒకరి చేత గళ్ళ కాగితము, ఒకరి చేత సుద్దముక్క. నాలుగవవాడు వచ్చు బండ్లను కనిపెట్టి కేకవేయుటకు. రెండు శనివారములు తిరిగిన పిమ్మట, ఆదివారము మధ్యాహ్నమున కాగితములన్నియు మా వసారాలో పరచిరి. వీధి వెడల్పు, కాలువ వెడల్పు, కరెంటు స్తంభములు, చెట్లు, ఖాళీ తావులు అన్నియు చక్కగా గుర్తించిరి. నడచుటకు వీలెట్లున్నదను గడిలో మా వీధికి "బాగు" అని వ్రాసియుండెను.

"ఇది వ్రాసినవారెవ్వరు?" అని యడిగితిని. ఒక పిల్లవాడు సంతోషముతో చేయి యెత్తెను.

"మూలయింటియొద్ద కాలువపై పలక విరిగియున్నది గదా, నీవెట్లు దాటితివి?"

"ఎగిరి దాటితినండి అమ్మగారూ!"

అందరును నవ్విరి. నాకు ప్రవరుడు జ్ఞప్తికి వచ్చెను. మనుచరిత్రమును చదివిన సోదరీమణులకు సిద్ధుడిచ్చిన పాదలేపనము సంగతి చెప్పనక్కరలేదు. పదునాలుగేండ్ల వయస్సు అట్టి పసరే. అది కాలికి పూసికొన్నవానికి హిమాలయమైనను ప్రక్కవీధియే. పసరు కరగిపోయిన పిమ్మట ఇల్లు చేరుట యెట్లో, ఆ దుఃఖము ఆ బ్రాహ్మణునకే తెలిసినది. మా వీధిలో పసరు కరగినవారే హెచ్చుమంది కలరు. పగటివేళ వీధిని నడచువారిలో సగము కంటె నెక్కువ స్త్రీలు. వారి చంకను బిడ్డయో, చేత కూరల సంచియో, మోకాలిలో నొప్పియో తప్పక యుండును. వారి కాళ్ళతో కొలువని వీధిని "బాగు" అనుట యెట్లు? ఈ మాట మావారితో చెప్పితిని. వారు కొంతసేపు ఊరకుండి, "అట్లయిన వచ్చే శనివారము నీవును రమ్ము. పసరు లేనివారిని నీవే కూర్చుము" అనిరి.

నేను ముగ్గురిని కూర్చితిని. మా ప్రక్కయింటి మామ్మగారు. ఎదుటి వాటాలో నున్న ఎనిమిది నెలల బిడ్డ తల్లి. మా యింట పనిచేయు నామె. ఈ మూడవయామె దినమునకు నాలుగిండ్లు తిరుగును గనుక మా పేటలోని గుంటలన్నియు ఆమె పాదములకు చుట్టములు.

మామ్మగారు బయలుదేరుటయే గొప్ప. వారికి డెబ్బదియెనిమిది సంవత్సరములు. కోవెల మూడువందల గజముల దూరముననే యున్నది. సాయంకాలపు హారతికి తప్పక పోవుచుండెడివారు. గడచిన కార్తికమాసమున వీధిలో పడి మణికట్టు విరుగగొట్టుకొనిరి. కన్నులు తిరిగి పడితినని అందరితోను చెప్పిరి. అది మొదలు వాకిలి దాటలేదు. ఎందరు పిలిచినను, "ఇంక నాకు కోవెల యెందుకమ్మా, ఇంటనే దీపము పెట్టుకొందును" అనుచుండిరి. పిల్లలు పోయి, "మామ్మగారూ, మీరు రానిదే మా లెక్క తేలదు" అని ప్రాధేయపడగా కఱ్ఱ చేతబట్టి వచ్చిరి.

లెక్క యెట్లనగా: నడచువారు వీధి ప్రక్కను విడిచి బండ్లు పోవు నడిదారిలోనికి దిగవలసి వచ్చినప్పుడెల్ల ఒక బాలిక కాగితముపై ఒక గీత గీయును. మరియొకతె నీడలో పడిన అడుగులను లెక్కించును. ఉదయము పదునొకండు గంటలకు మామ్మగారి గుమ్మమునుండి బయలుదేరితిమి. పట్టుమని పదియడుగులు వేయకమునుపే మా యింటి వాకిలి వచ్చినది.

మా వాకిట నేమున్నదో చెప్పవలెను. మూడేండ్ల క్రిందట మావారు మోటారుసైకిలు కొన్నప్పుడు అది లోనికెక్కుటకు సిమెంటు ర్యాంపు కట్టించితిమి. అది కాలువను కప్పి, ఆవల మరి నాలుగడుగులు వీధిలోనికి వాలుగా దిగియున్నది. మేస్త్రి దానిని అద్దమువలె నున్నగా పామి యిచ్చినాడు. చూచువారందరు పని బాగున్నదనిరి. వీధి యంచున నడచు మనిషి దానిని ఎక్కి జారవలెను, లేదా నడిదారిలోనికి దిగి చుట్టుకొని పోవలెను. మూడేండ్లలో ఇది నా కొక్కనాడైనను తోచలేదు. నేను గుమ్మమునుండి తిన్నగా వీధిలోనికి దిగుదును గాని అడ్డముగా నడువను గదా.

గీతలు గీయు బాలిక పెన్సిలు పట్టుకొని నిలిచిపోయెను. మావారి ముఖము చూచి, నా ముఖము చూచి, "మాస్టారూ, ఇదికూడ వ్రాయవలెనా?" అని మెల్లగా నడిగెను. మావారు క్షణమాత్రము మాటాడలేదు. పిమ్మట "వ్రాయుము. మొదటి గీత అదియే" అనిరి.

అప్పుడు మామ్మగారు నా చేయి గట్టిగా పట్టుకొని, "నెమ్మది అమ్మాయీ, ఇచ్చట దిగుట నాకు భయము. ఆనాడును ఇక్కడనే గదా," అని, నోరు జారినట్లు చటుక్కున ఆగిపోయిరి.

నాకు తల గిఱ్ఱున తిరిగినది. "మరి కన్నులు తిరిగినవని చెప్పితిరి గదా మామ్మగారూ!" అంటిని.

"ఏమని చెప్పుదునే తల్లీ! కట్టు కట్టిన దినమునుండి పదునైదు నాళ్ళు నీవు చారు, అన్నము పంపితివి. తిన్నవారి యింటి గడప నెట్లు తప్పుపట్టుదును?"

ఆ చారన్నమును గూర్చి నేను లోలోపల నెంత మురిసితినో ఆ పదునైదు నాళ్ళును! ప్రక్కయింటి ముసలమ్మను కనిపెట్టుచున్నానని మా యాడపడుచునకు ఫోనులో చెప్పికొంటిని గూడ. ఆ వీధిలో ఆ క్షణమున నాకు నిలువ చోటు లేకపోయినది. పిల్లలెదుట కన్నీరు పెట్టుకొనుట మంచిది కాదని మామ్మగారి చేయి విడువక ముందునకు నడచితిని.

తక్కిన దారి సంగతి వేగముగా చెప్పెదను. ఇంటింటికిని మాదివంటి ర్యాంపే; కొన్ని మెట్లు, కొన్ని గట్లు. ఒకచోట కట్టడము ముగిసి యేడాదియైనను ఎత్తని యిసుకకుప్ప. మూడవ యింటియొద్ద కరెంటు ట్రాన్స్‌ఫార్మరు దాని కంచెతోగూడ కాలిబాటనంతయు నాక్రమించుకొని యున్నది. విరిగిన కాలువపలకపై హెచ్చరికగా నెవ్వరో చెట్టుకొమ్మ నొకటి పాతిరి. ఆ కొమ్మయు ఎండిపోయినది. బిడ్డ తల్లికి చంకనున్న బిడ్డచేత తన పాదములు తనకు కనబడవు. ప్రతి గుంటయొద్దను ఆగి, కాలితో తడవి, అడుగు వేసినది. కోవెల చేరునప్పటికి గీతలిరువదియేడు. పిల్లలు నాలుగు నిముసములలో పోవు దారికి మామ్మగారికి పందొమ్మిది నిముసములు పట్టినది. తిరుగు ప్రయాణము ఆటోలో. నీడలో పడిన అడుగులు ఎనుబదికి మించవు. అందు ముప్పది మా వేపచెట్టు చలువ, తక్కినవి మేడగోడల నీడ. మిట్టమధ్యాహ్నమున ఆ గోడల నీడయు నుండదు.

మామ్మగారి కన్నిటికంటె నెక్కువ కష్టమైనది గీతలలో చేరనే లేదు. దారిపొడవునను కూర్చుండుటకు తావొక్కటియు లేదు. "వెనుక ఈ వీధిలో నెక్కడ కాలు నొచ్చిన నక్కడ అరుగుండెడిది" అని వారనిరి. నిజము. నా చిన్నతనమున అరుగులేని యిల్లు ఇల్లుగా తోచెడిది కాదు. దారిన పోవు మజ్జిగమ్మి, పోస్టు జవాను, కాశీకావళ్ళవాడు, ఎండకాగలేని ముత్తైదువ అందరును అరుగుమీద కూర్చుండి మంచినీళ్ళు పుచ్చుకొని పోయెడివారు. ఇండ్లు తిరిగి కట్టినప్పుడెల్ల అరుగులు పోయి ప్రహరీగోడలు వచ్చినవి. కొన్నిటిమీద గాజుపెంకులు గూడ. ఇంటి యరుగు వీధివారిదిగా నున్న కాలము పోయి, వీధి కాలువ యింటివారిదైన కాలము వచ్చినది.

నాటి రాత్రి యేడున్నరకు బాలికలు కొందఱు ట్యూషను ముగించుకొని వచ్చు దారిని మరల చూచితిమి. మా పనిమనిషి చెప్పినదాకా మాకు తెలియదు. రెండు స్తంభముల దీపములు వెలుగుచునే యున్నవి గాని చెట్టుకొమ్మలు వానిని క్రమ్ముటచేత క్రింద చీకటియే. చెట్టు కొట్టివేయవలెనని ఒక పెద్దమనిషి సలహా చెప్పెను. పిల్లలొప్పుకొనలేదు. దీపమునకు దిగువనున్న రెండు కొమ్మలు తీసిన చాలునని తేల్చిరి. చెట్టు కొట్టుటకు అనుమతి కావలెనని 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము చెప్పుచున్నదని మావారు గూడ జ్ఞాపకము చేసిరి.

ఒక విషయమున మాత్రము నేను పిల్లలతో వాదమాడితిని. మలుపుయొద్ద ఆకుకూరలమ్ము నామె బండిని అడ్డముగా నెంచి ఎఱ్ఱచుక్క పెట్టిరి. ఆమె యక్కడ నుండుటకు కారణము అక్కడ కానుగచెట్టు నీడ యుండుటయే. ఆమె యున్నందుననే సంజవేళ ఆ మలుపు ఆడవారికి ధైర్యముగా నున్నది. వీధివర్తకుల జీవనమును కాపాడుటకై 2014వ సంవత్సరమున చట్టమొకటి వచ్చియున్నది. బండిని నాలుగడుగులు లోనికి జరిపిన నడచువారికి దారి యుండును. ఆమెను తరిమివేసిన మిగులునది ఖాళీ మలుపు. నలుగురు కారులు నిలిపిన చోట పిల్లలు ఎఱ్ఱచుక్క పెట్టలేదు. ఎందుకని యడుగగా, "అవి పెద్దవారి కారులండి" అనిరి. ఆ జవాబు విని మావారు చాలసేపు నవ్వలేదు.

కాలిబాట కనీసము ఆరడుగుల వెడల్పు, అనగా 1.8 మీటర్లు, అడ్డములేక యుండవలెననియు, అరడుగుకంటె నెత్తుగా నుండరాదనియు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012వ సంవత్సరమున ప్రకటించిన సూత్రములలో నున్నది. కాలిబాటపై నడచు హక్కు రాజ్యాంగమున 21వ అధికరణము క్రింద జీవించు హక్కులో భాగమని 2025వ సంవత్సరము మే నెలలో సుప్రీముకోర్టు చెప్పినది. 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డుప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో 32,825 మంది కాలినడకను పోవువారు. మామ్మగారి మణికట్టు ఈ లెక్కలలో చేరదు. భయముచేత నింట కూర్చున్నవారు ఏ లెక్కలోను చేరరు.

పిల్లలు అర్జీ వ్రాసి పటముతోగూడ కార్యాలయమున నిచ్చిరి. ఆ కథ యిప్పటికి సాగుచునే యున్నది; దానిని విడిచి మా చేతిలో నున్న పని చెప్పెదను. చైత్రమాసమున మేస్త్రిని పిలిపించి మా ర్యాంపును పగులగొట్టించితిమి. కాలువ హద్దునకే ఆపి, బండి యెక్కుటకు కావలసినప్పుడు వేసి తీయు ఇనుపపలక నొకటి చేయించితిమి. దానిని దినమునకు రెండుమాఱులు ఎత్తుట మావారికి కష్టమే; ఆ మేరకు వ్యాయామమని నేనోదార్చుచున్నాను. మమ్ముజూచి మరి రెండిండ్లవారు మాత్రము కదలిరి. తక్కినవారు, "మీ మాస్టారికి తోచదు గనుక" అని పోయిరి.

మేస్త్రి యుండగనే మరియొక తప్పును దిద్దుకొంటిమి. మా వేపచెట్టు మొదట ఏడేండ్ల క్రిందట సిమెంటు పోయించినదానను నేనే. ఊడ్చుటకు సుకరమని నా యూహ. వేళ్ళకు గాలియు నీరును అందవలెను గదా; మొదలు బిగించిన చెట్టు నానాటికి నీరసించి గాలివానకు కూలును. ఢిల్లీ నగరమున చెట్ల మొదళ్ళ చుట్టును ఒక మీటరు మేర సిమెంటు తీసివేయవలెనని జాతీయ హరిత ట్రిబ్యునలు 2013వ సంవత్సరమున ఉత్తరువు చేసినది. అది తెలిసినపిమ్మట మీ వాకిటి చెట్టును ఒకమాఱు చూచుకొనుడు. మాది త్రవ్వించిన తరువాత ఈ వానలలో గుమ్మమున నీరు నిలుచుట గూడ తగ్గినది.

ఇక క్రొత్త చెట్ల సంగతి. పిల్లల పటమున నలువదిమూడు ఖాళీ తావులుండెను. క్రిందటి యేడు కొందఱు పెద్దలు ఒక వేడుకనాడు మా పేటలో నలువది మొక్కలు నాటి ఫొటోలు తీయించుకొని పోయిరి. వేసవి గడచునప్పటికి రెండు మిగిలినవి. కాబట్టి యీమాఱు మొక్కకంటె ముందు నీరుపోయు మనిషిని వెదకవలెనని నిర్ణయించితిమి. బాలికలు ఇంటింటికి పోయి ఆ యింటి ఇల్లాలినే యడిగిరి. పదునాఱుగురు ఒప్పుకొనిరి. ఒకామె ఆకులు రాలునని వలదనెను. ఒకామె వేళ్ళు గోడను పగులగొట్టునని భయపడెను. రెండును ఉత్త మాటలు కావు. రావి, మఱ్ఱి గోడప్రక్కను పెట్టరాదు. తీగెల క్రింద పెద్దజాతి పెట్టిన, ఏటేట వచ్చి దాని తల నరికిపోదురు. అచ్చట పారిజాతము, దేవకాంచనము, నందివర్ధనము వంటివి చాలును. తీగెలు లేనివైపు వేప, కానుగ. ఈ రెండును మాఘఫాల్గునములలో ఆకు రాల్చినను ఎండలు ముదురునప్పటికి క్రొత్తచిగురుతో నీడ నిచ్చును. వేపయైన ఉగాదిపచ్చడికి పూతయు నిచ్చును. తురాయి కన్నులపండువే గాని మడగాస్కరునుండి వచ్చిన ఆ చెట్టు కొమ్మలు పెళుసు. తుపానుల తీరమున కది తగదు. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున వేలకొలది చెట్లను కూల్చినది మనము మరువలేదు. కోనోకార్పస్ అను విదేశపు మొక్క త్వరగా పెరుగును, పశువులు ముట్టవు. అందుచే చాల యూళ్ళలో నాటిరి. దాని పుప్పొడి ఊపిరికి చెఱుపనియు వేళ్ళు నీటిగొట్టములకు హానియనియు ఎంచి గుజరాతు ప్రభుత్వము 2023వ సంవత్సరమున నాటుటను నిషేధించినది.

మొక్కలు కడియమునుండి తెచ్చితిమి. గోదావరి కాలువల వెంబడి కడియము, కడియపులంకల నర్సరీలు మాకు దగ్గరలోనే యుండుట మా యదృష్టము; దేశపు నలుమూలలకు అచ్చటినుండియే లారీలు పోవును. అరచేతి యెత్తు మొక్క చౌకయని తేవలదు. మనిషి నడుమెత్తునకు తగ్గనిదియు, కాండము నిబ్బరముగా నున్నదియు తెచ్చుకొనుడు. మూడడుగుల నలుచదరము, మూడడుగుల లోతు గుంట త్రవ్వి, చివికిన పశువులయెరువు మట్టితో కలిపి నింపవలెను. మేకలనుండి కాపాడుటకు వెదురుదడి కట్టవలెను. నడచు బాట నడుమ పెట్టరాదు. మలుపున బండివారి చూపునకు అడ్డముగా పెట్టరాదు. చెట్టును నిలిపి మనిషిని నడిదారిలోనికి దింపిన నేమి లాభము?

కర్నూలు జిల్లా యెఱ్ఱగుడి బండలపై అశోకచక్రవర్తి శాసనములు చెక్కబడియున్నవి. మనుష్యులకును పశువులకును ఉపయోగపడుటకై దారుల ప్రక్కల బావులు త్రవ్వించి చెట్లు నాటించితినని ఆయన వానిలో చెప్పికొన్నాడు. చెట్టును బావిని కలిపియే చెప్పుట గమనింపుడు. నీరు సంగతి చక్రవర్తికే తెలిసినది, ఫొటోలవారికి తెలియలేదు.

ఆషాఢమున వాన పడగానే పదునాఱు మొక్కలును నాటితిమి. ఇప్పటికి పదునాలుగు బ్రతికియున్నవి. ఒకటి పందికొక్కు త్రవ్వినది, ఒకటి లారీ వెనుకకు వచ్చుచు విఱిచినది. వానలున్నన్నాళ్ళు బాధ లేదు. మూడు వేసవులు, వారమునకు రెండుమాఱులు, రెండేసి బిందెలు పోయగలిగిన నాడు చెట్టైనదందురు. రోహిణికార్తెలో మా యెండ లెట్టివో తీరమునందలి సోదరీమణులకు తెలియును. 2015వ సంవత్సరపు వేసవిలో రెండు తెలుగు రాష్ట్రములలోను వేయిమందికి పైగా వడదెబ్బకు చనిపోయిరి. రాబోవు వైశాఖమే వీనికి మొదటి పరీక్ష. అప్పటికి ఈ పిల్లలు పదవ తరగతి పరీక్షలు ముగించి వెడలిపోదురు. బిందె పట్టవలసినవారము మేమే.

మామ్మగారి మొక్క పొగడ. ఏ చెట్టు కావలెనని పిల్లలడుగగా ఒక నిముసమైన ఆలోచింపక చెప్పిరి. వారి పుట్టింటి వాకిట నుండెడిదట. బియ్యము కడిగిన నీళ్ళు దినదినము చెంబుతో తెచ్చి తామే పోయుచున్నారు. మా వేపచెట్టు క్రింద పిల్లలు రెండు రాళ్ళపై కడపబండ నొకదానిని నిలిపి కూర్చుండుటకు వీలు చేసిరి. సాయంకాలము మామ్మగారు కఱ్ఱతో బయలుదేరి, మా వాకిలి దాటి, ట్రాన్స్‌ఫార్మరువరకు పోయి, అక్కడ నిలిచి కోవెల గోపురమునకు నమస్కరించి మరలివచ్చి ఆ బండపై కూర్చుందురు. గీతలు గీసిన బాలిక ట్యూషనుకు పోవుచు కనబడగానే, "ఏమే, మన ట్రాన్స్‌ఫార్మరు సంగతి యేమైనది?" అని యడుగుదురు. "మాస్టారు మరల వ్రాసినారు మామ్మగారూ, వచ్చి కొలుచుకొని పోయిరట" అని అది మొన్న చెప్పినది.

జాడీల సంగతి వచ్చే మాసమున తప్పక వ్రాసెదను.